శంకరం బండిలో చెక్క అరుగు

బండిలో వెనక సీట్లు తీసేస్తే ఆ సీట్లలో కూర్చునే మనుషులు ఆ రోజు నుంచి సామాను కింద లెక్కకొస్తారన్న సంగతి గుత్తుల భీమశంకరానికి తెలియక కాదు. అలాంటి రూళ్ళు ఊళ్ళోవాళ్ళకే గాని తనకు వర్తించవని ఆయన నమ్మకం. నల్లమిల్లిపాడులో మోటారు పంపుల విడిభాగాల షాపు ఆయనది. ఇంట్లో ఏది చెడిపోయినా మనిషిని పిలవకుండా సొంతంగా బాగుచేస్తాడు. తర్వాత, తాను చేసినదాన్ని బాగుచేయడానికి మనిషిని పిలుస్తాడు.

బండి డబుల్ క్యాబిన్ పికప్పు. ముందు రెండు సీట్లు, వాటి వెనక ముగ్గురు పట్టే పొడుగు సీటు, దాని వెనక ఆరుబయట తొట్టి. పొడుగు సీటులో ఒక కిటికీ పక్కన కూతురు తనూజ, రెండో కిటికీ పక్కన అత్తగారు వెంకాయమ్మ కూర్చునేవారు. మధ్యలో ఎవరూ కూర్చునేవారు కాదు. శంకరం కన్ను ముందుగా ఆ మధ్య ఖాళీ మీద పడింది. ఖాళీ చోటు కనిపిస్తే ఆయనకు నిద్ర పట్టదు. ఎవరో కుర్రాడు తన బండిలో వెనక సీటు పీకేసి, ప్లైవుడ్డుతో అరుగులాంటిది కట్టి, కింద సొరుగులు, పైన పరుపు అమర్చిన వీడియో ఫోనులో చూశాక ఆ జబ్బు ముదిరింది.

"తొట్టి ఉందిగా, సామాను అందులో పెట్టుకోకూడదా?" అంది భార్య సీతామాలక్ష్మి.

"వానొస్తే తడిసిపోద్ది."

"బరకం కప్పుకోండి."

"నీకు చెప్తే అర్థం కాదు," అన్నాడు శంకరం. వాదనలో ఓడిపోయినప్పుడల్లా ఆయన అనే మాట అదే.

ఆదివారం పొద్దున్నే స్పానర్లు పట్టుకుని బండిలో దూరాడు. చివరి బోల్టు ఒకటి ఎంతకీ రాలేదు. మధ్యాహ్నం దాకా దాంతో కుస్తీ పట్టి, కంపెనీవాళ్ళను తిట్టాల్సినంతా తిట్టి, ఆఖరికి తాను బిగించే వైపు తిప్పుతున్నానని గ్రహించాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. పక్కనే నిలబడిన తనూజ మాత్రం ఇటు తిప్పాలని ముందే చేత్తో చూపించింది. ఆ పిల్ల పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉంది.

సీటు వసారాలో పెట్టిన కాసేపటికే బ్రేక్ ఇన్‌స్పెక్టరు కాటాతో సహా వచ్చాడు. ఆ శాఖలో మిగతా పనులన్నీ నెలల తరబడి నడుస్తాయి గాని, మనుషుల్ని సామానులోకి మార్చే పని మాత్రం ఆదివారం కూడా ఆగదు.

"అమ్మాయిగారు ఒకసారి కాటా ఎక్కాలండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

తనూజ ఎక్కింది. వెంకాయమ్మను కుర్చీతో సహా ఎక్కించి, తర్వాత కుర్చీ బరువు తీసేశారు. పెళుసు సామానా, మామూలు సామానా అని ఇన్‌స్పెక్టరు అడిగాడు. పెళుసైతే చుట్టూ ఎండుగడ్డి కట్టాలట. ఇంట్లో గడ్డి లేదు కాబట్టి మామూలేనన్నాడు శంకరం.

"దీనివల్ల ఇబ్బందేమన్నా ఉంటదాండి?" అని మాత్రం అడిగాడు.

"ఏం ఉండదండి. తింటారు, పడుకుంటారు, అన్నీ మామూలే. వాళ్ళేమన్నా మాట్లాడితే మీకు మాటలా వినపడదు, అంతేనండి. గలగలమనో, కిర్రుమనో ఉంటది. చాలా ఇళ్ళల్లో తేడాయే తెలీదండి."

శంకరం ఇంట్లోనూ తెలియలేదు. వెంకాయమ్మ ఎప్పటిలాగే మంచం మీద ఉంది. తనూజ పిలిస్తే వచ్చింది, పెడితే తింది. పైగా సామానుకు సెలవుల్లో చదువుకోమని చెప్పాల్సిన పని లేకపోవడం వల్ల ఇల్లు కాస్త ప్రశాంతంగా అనిపించింది.

తనూజను ఎక్కడ చేర్పించాలన్నది కూడా ఆ వారంలోనే తేలిపోయింది. పట్నం శివార్లలో ఉన్న ఒక రెసిడెన్షియల్ కాలేజీ మనిషి షాపుకొచ్చి, ర్యాంకులొచ్చిన పిల్లల ఫొటోలున్న కాగితం చేతిలో పెట్టాడు. శంకరం ఏకపక్షంగా నిర్ణయాలు తీసుకునే మనిషి కాదు. భార్యను అడిగాడు, తోడల్లుడికి ఫోను చేసి అడిగాడు, షాపుకొచ్చిన రైతుల్నీ, ఎదురింటి బట్టల కొట్టాయన్నీ అడిగాడు. అందరూ ఎం.పి.సి. అన్నారు, హాస్టలన్నారు. ఇంట్లో ఈ చర్చ జరుగుతున్నంతసేపూ తనూజ ఉన్న మూల నుంచి గలగలమని ఒకటే చప్పుడు. ఫ్యాను బేరింగు పోయిందనుకుని శంకరం స్టూలెక్కి నూనె వేశాడు.

ఇక అరుగు పని మొదలైంది. అంగుళాల్లో కొలిచి సెంటీమీటర్లలో కోయించడం వల్ల మొదటి పలక పీటకు సరిపోయింది. రెండో పలక తలుపు దాటలేదు. మూడోది కుదిరింది. దాన్ని ఎక్కించేటప్పుడు రెండో కొస తనూజే పట్టుకుంది. సామాను అమర్చడానికి సామాను సాయం చేయకూడదని రూలు ఎక్కడా లేదు. అడుగున అడ్డబద్దలు బిగిస్తుంటే చెవి పక్కన మళ్ళీ అదే గలగల. డ్రిల్లు చెడిపోతోందని అది కట్టేసి, పక్క వీధిలో ఇంకోటి అరువు తెచ్చుకున్నాడు.

అరుగు పూర్తయ్యాక శంకరం ఒక పొరపాటు చేశాడు. ఎండలో చెమటలు కారుతుంటే మెడ మీది తువ్వాలుతో మొహం తుడుచుకుని, దాన్ని అలవాటుగా అరుగు మీదకు విసిరాడు. ఆ ఊళ్ళో సీటు ఎవరిదని తేల్చడానికి తువ్వాలును మించిన సాక్ష్యం లేదు. బస్సు స్టాండులోకి తిరుగుతుండగానే కిటికీలోంచి తువ్వాలు ఎవరు వేస్తే సీటు వాళ్ళదే; మహా మహా గొడవలు కూడా తువ్వాలు చూపించగానే చల్లారిపోతాయి. రవాణా శాఖవారు ఆ ఆచారాన్నే యథాతథంగా రూలు చేసుకున్నారు.

అరుగు తనిఖీకి ఇన్‌స్పెక్టరు వచ్చేసరికి, బండిని నీడలోకి తీయడానికి సీతామాలక్ష్మి డ్రైవరు సీటులో కూర్చుని ఉంది. ఆమె చేతిసంచీ పక్క సీటులో ఉంది. అరుగు మీద తువ్వాలు ఉంది.

"తువ్వాలు ఎవరిదండి?"

"నాదేనండి," అన్నాడు శంకరం, పని మెచ్చుకుంటాడేమోనని ఛాతీ విరుచుకుని.

"అయితే మీరొకసారి కాటా ఎక్కాలండి."

శంకరం చాలా వాదించాడు. షాపు తనదన్నాడు, బండి తనదన్నాడు, వేసింది తువ్వాలే గాని తాను కాదన్నాడు. మొదటి రెండు మాటలే ఇన్‌స్పెక్టరుకు వినిపించాయి; మూడో మాటకు శంకరం కాటా మీద ఉన్నాడు. ఆ తర్వాత ఆయన అరుగు వైపు చెవి పెట్టి, "ఎక్కడో వదులుందమ్మా, ఒకసారి బిగించుకోండి," అని సీతామాలక్ష్మికి చెప్పి వెళ్ళిపోయాడు.

శంకరం ఇంట్లోకి వచ్చి దిగాలుగా కూలబడ్డాడు.

"వచ్చారా అల్లుడుగారూ," అంది మంచం మీంచి వెంకాయమ్మ.

సామానుకు సామాను మాట వినపడుతుందని ఏ రూల్లోనూ రాయలేదు. ఆమె చాలాకాలంగా మాట్లాడుతూనే ఉందని శంకరానికి అప్పుడే తెలిసింది. నడుం నొప్పి గురించి, చనిపోయిన మావగారి గురించి, చారులో ఉప్పెక్కువైందని, ఆమె రోజూ ఏదో ఒకటి చెబుతూనే ఉందట. కాటా ఎక్కాకే తన మాట వినపడటం మానేసిందన్నది ఆమె ఒప్పుకోలేదు. "అంతకుముందూ ఇంతే కదండీ," అంది.

కాలేజీలో దించాల్సిన రోజు వచ్చింది. కొత్త ట్రంకుపెట్టె, బకెట్టు, పరుపుచుట్ట, ఆవకాయ సీసా అరుగు మీద సర్దాక, మిగిలిన చోట తనూజను, ఆమె పక్కన శంకరాన్నీ పడుకోబెట్టి, ఇద్దరి మీదుగా బెల్టు బిగించింది సీతామాలక్ష్మి. శంకరాన్ని ఇంట్లో వదిలి వెళ్ళడం ఆమెకు మనసొప్పలేదు. కూతుర్ని పంపేటప్పుడు తండ్రి ఉండాలి కదా అనుకుంది. బండి కదిలింది. అరుగు కిర్రుమంది.

"అడ్డబద్ద తిరగేసి కొట్టావు నాన్నా," అంది తనూజ. "అందుకే ఆ చప్పుడు."

"అప్పుడే చెప్పొచ్చుగా?"

"చెప్పాను. నువ్వెళ్ళి వేరే డ్రిల్లు తెచ్చుకున్నావు."

శంకరానికి ఇన్నాళ్ళూ గలగలమన్న చప్పుళ్ళన్నీ వరసగా గుర్తొచ్చాయి. "ఇంకా ఏం చెప్పావమ్మా?" అన్నాడు.

"హాస్టలుకి వద్దన్నాను. మనూరి పాలిటెక్నిక్కులో మెకానికల్ చదువుతానన్నాను. సాయంత్రం పూట షాపులో కూర్చుంటాను, మోటారు విప్పడం నేర్పు నాన్నా అన్నాను." కాస్త ఆగి, "పదోక్లాసు ముందు కూడా ఒకసారి చెప్పాను. అప్పటికి సీటుంది," అంది.

తన తర్వాత షాపు చూసేవాళ్ళు ఎవరని శంకరం తోడల్లుణ్ణి అడిగాడు, రైతుల్ని అడిగాడు, బట్టల కొట్టాయన్నీ అడిగాడు. కంచం పక్కన కంచం పెట్టుకుని తినే పిల్లను మాత్రం అడగలేదు. తనంత తెలివితక్కువ మనిషి జిల్లాలో ఉండడని, ఉంటే వాడూ ఈపాటికి ఏదో ఒక బండిలో పడుకునే ఉంటాడని ఆయనకు అనిపించింది.

"లక్ష్మీ! బండి తిప్పు! పిల్లని దించొద్దు! మనింటికి పోదాం!" అని అరిచాడు. జన్మలో అంత గట్టిగా అరవలేదు. తనూజ కూడా గొంతు కలిపింది.

సీతామాలక్ష్మి బండి పక్కకు ఆపింది. ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది. ఆమె వెనక తలుపు తీసి, అరుగును అటూ ఇటూ కదిపి చూసి, "ఈయన చేసిన పనులన్నీ ఇంతే," అని గొణుక్కుంటూ బెల్టు ఇంకో రంధ్రం బిగించింది. ఆమె చెడ్డమనిషి కాదు. తనూజ తల కింద దిండు సరిచేసింది, కొంగుతో శంకరం మొహం మీది చెమట తుడిచింది, మంచినీళ్ళు పట్టింది. తర్వాత వెళ్ళి కూర్చుని, చప్పుడు వినపడకుండా పాటలు పెట్టుకుంది.

కాలేజీ ఆవరణ నిండా బండ్లే. తల్లులు ముందు సీట్లలోంచి దిగి కళ్ళు తుడుచుకుంటున్నారు. వెనకనుంచి దిగుతున్న సామాను మీద వాచ్‌మన్ సుద్దముక్కతో గది నంబరు వేస్తున్నాడు. ఆవరణ అంతా గలగలలు, కిర్రులు. ఇన్ని మాటలు ఒక్కసారిగా వినడం శంకరానికి ఇదే మొదలు. ఒక కుర్రాడు తన కుక్కపిల్లకు అన్నం పెట్టమని చెబుతున్నాడు. ఇంకో పిల్ల ఎవరితోనూ కాకుండా, వద్దు వద్దు అని మాత్రమే అంటోంది. "ఇక్కడ రోడ్డు బాగా రద్దీ అండి, చెవులు దిబ్బళ్ళు పడిపోతాయి," అన్నాడు వాచ్‌మన్ సీతామాలక్ష్మితో. "రెండూ దించాలా అమ్మా?"

"ఒకటేనండి. రెండోది ఇంటికి."

శంకరం బెల్టు కింద నుంచి చెయ్యి లాగి కూతురి చెయ్యి పట్టుకున్నాడు. తనూజ కూడా గట్టిగా పట్టుకుంది. మనుషులైతే దాన్ని ఏడుపనో, ప్రేమనో అంటారు. "చిక్కుపడిందండీ," అన్నాడు వాచ్‌మన్. నేర్పరి అయినవాడు కాబట్టి ఎక్కడా గీత పడకుండా ఒక్కొక్క వేలూ విడదీసి, తనూజను ఎత్తి ట్రంకుపెట్టె పక్కన నిలబెట్టి, సరుకు ముట్టినట్టు రసీదు రాసిచ్చాడు.

ఇంటికొచ్చాక సీతామాలక్ష్మి ఊరుకోలేదు. భర్తను మళ్ళీ మనిషిగా మార్పించాలని ఆఫీసు చుట్టూ తిరిగింది. అరుగు పీకి, పాత సీటు బిగించి తెస్తే ఎప్పుడైనా మార్చేస్తామన్నారు. కష్టమైన పనేమీ కాదు. కాకపోతే ఆ సీటు వసారాలో సోఫాగా కుదిరిపోయింది, వచ్చినవాళ్ళు మెత్తగా ఉందంటున్నారు. అరుగు కూడా ఎంతో పనికొస్తోంది. ఇంత బాగా కట్టినదాన్ని పీకుతారా అని ఇరుగుపొరుగు కోప్పడ్డారు. ఆ మాట విన్నప్పుడు శంకరానికి, నిజం చెప్పాలంటే, లోలోపల కాస్త గర్వంగా కూడా అనిపించింది. బట్టల కొట్టాయన కొలతలు తీసుకెళ్ళాడు. ఆయనకు ఇద్దరు కొడుకులు, చిన్నవాడు వచ్చే ఏడు పదికి వస్తాడు. ఇప్పుడు ఆ వీధిలో వెనక సీట్లున్న బండి ఒక్కటీ లేదు. అందరి ఇళ్ళూ ప్రశాంతంగానే ఉన్నాయి.

హాస్టలు నుంచి ఆదివారాలు ఫోను చేయనిస్తారు. సీతామాలక్ష్మి వారమంతా ఆ ఫోను కోసం ఎదురుచూస్తుంది. మోగగానే తీసి, చెవి దగ్గర పెట్టుకుని, అవతల గరగరమంటున్నా విసుక్కోకుండా, "ఆఁ... ఆఁ... తింటున్నావా... ఆఁ," అంటుంది. కొంచెం దూరంలో, పెట్టినచోట, శంకరం ఒక్క మాట కూడా పోకుండా అన్నీ వింటాడు. రాత్రుళ్ళు నిద్ర పట్టట్లేదని, పక్క మంచం పిల్ల రెండు రోజులుగా లేవట్లేదని, ఎవరికి చెప్పినా నీళ్ళ మోటారు చప్పుడనుకుంటున్నారని.

"నాన్నా, వింటున్నావా?" అని అడిగింది మొన్న ఆదివారం తనూజ.

"వింటున్నానమ్మా," అన్నాడు శంకరం.

అప్పటికే సీతామాలక్ష్మి ఫోను పెట్టేసి, వసారాలో కూర్చున్నవాళ్ళతో పిల్ల బాగానే ఉందని చెబుతోంది.