తొమ్మిది సీసాల పాలు

ఆ రోజు ఉష వేసుకున్న పథకం చాలా చిన్నది. తెల్లారగానే స్టేషన్ రోడ్డులో పాలవాళ్ళను ఆపి నమూనాలు పట్టాలి, ఎనిమిది గంటల రైలుకి విశాఖ ల్యాబుకి పంపాలి. అంతే. బొబ్బిలికి దగ్గర్లో ఉన్న ఆ పట్టణానికి ఆహార తనిఖీ అధికారిగా వచ్చి ఆమెకు పదకొండు రోజులైంది. పిల్లలకు వాంతులు, విరేచనాలు ఎక్కువయ్యాయనీ, పాలమీదే అనుమానమనీ ఆసుపత్రి నుంచి ఉత్తరం వచ్చింది.

ఆరున్నరకల్లా తొమ్మిదిమంది దగ్గర తొమ్మిది సీసాలు నిండాయి. నంబర్ల చీటీలు అంటించి, ఆఫీసు బల్లమీద వరసగా పెట్టి, పాలు పాడవకుండా వేసే మందు తేవడానికి పక్కగదిలోకి వెళ్ళింది. అప్పుడే పై అధికారి ఫోను. ఇరవై నిమిషాలు వదల్లేదు.

తిరిగి వచ్చేసరికి బల్ల ఖాళీ. బయట ఎండలో తొమ్మిది సీసాలూ తళతళలాడుతూ బోర్లించి ఉన్నాయి.

"కూర్మయ్యా! పాలేవి?"

అటెండరు కూర్మయ్య మెచ్చుకోలు కోసం వచ్చినంత హుషారుగా వచ్చాడు. "ఇరిగిపోతాయని కాసీసినానమ్మా. పాలు మరిగించాలని నిన్న మీటింగులో మీరే సెప్పినారు కదా! సీసాలూ వేడినీళ్ళతో కడిగీసినాను. సీటీలు ఊడొచ్చినాయి గాని, మురికన్నది నేదు."

ఉష కుర్చీలో కూలబడింది. ఇంతలో గేటు దగ్గర గోల. వాట్సాప్‌లో కబురు పాకి, పాలవాళ్ళ సంఘం నాయకుడు నరసింగరావు మిగతా ఎనిమిదిమందినీ వెంటేసుకుని వచ్చాడు.

"ఏటమ్మా, నడిరోడ్డు మీద మమ్మల్ని దొంగల్లాగ ఆపుతారా? మా పాలల్లో తప్పుంటే ఇప్పుడే సూపించండి. నేదంటే రేపట్నుంచి ఊళ్ళోకి సుక్క పాలు రావు!"

చూపించడానికి ఆమె దగ్గర ఒక్క సీసా కూడా లేదు. "ముందు కూర్చోండి. కూర్మయ్యా, అందరికీ టీ ఇవ్వు" అంది, ఆలోచించుకోవడానికి కాస్త వ్యవధి దొరుకుతుందని.

టీ నిమిషంలో వచ్చింది. నరసింగరావు ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు. "ఇయ్యి పాలా, కుడితా?"

"పాలు ఇరగకుండా ఏసే సోడా వాసనొస్తంది బావా" అన్నాడు పక్కనున్న లక్ష్ముడు.

"అమ్మా, మీరు కొత్తగా వచ్చినారు. ఎవడో మోసం సేసినాడు మిమ్మల్ని. ఆడి పేరు సెప్పండి, ఇప్పుడే సంఘంలోంచి తీసీస్తాను!" నరసింగరావు బల్ల గుద్దాడు.

కూర్మయ్య వినయంగా ముందుకొచ్చాడు. "ఒక్కడని ఎలా సెప్పేది బాబూ? మీ తొమ్మిదిమందివీ కలిపే కాసినాను."

ఎత్తిన గ్లాసులు ఎత్తినట్టే ఆగిపోయాయి.

"సోడా నాది కాదు" అన్నాడు లక్ష్ముడు అందరికంటే ముందు. "నాను నీళ్ళే కలుపుతాను."

"ఒరే, అది ఇక్కడెందుకు సెప్తావురా!" కసిరాడు నరసింగరావు.

"అయితే సోడా నీదేనా బావా?"

ఇక వాళ్ళను ఆపడం ఎవరి తరమూ కాలేదు. ఎవరు బోరింగు నీళ్ళు పోస్తారో, ఎవరు క్యాను వారానికోసారే కడుగుతారో ఒకరిమీద ఒకరు అరిచి చెప్పుకున్నారు. ఉష పెన్ను తీసి, పేర్లతో సహా అంతా రాసింది.

మధ్యాహ్నానికి తొమ్మిదిమందీ ఆమె రాసిన షరతుల కింద సంతకాలు పెట్టారు. మూతలున్న స్టీలు క్యాన్లు, రోజూ వేడినీళ్ళతో కడగడం, పొద్దున్నే స్టేషన్ దగ్గర పరీక్ష. "సీసాల్లో మిగిలిన పాలు మాత్రం ల్యాబుకి పంపకండమ్మా" అని బతిమాలాడు నరసింగరావు. ఉష చాలా ఆలోచించినట్టు మొహం పెట్టి, సరేనంది.

నెలాఖరు నివేదికలో 'పరీక్షించిన విధానం' అన్న గడి దగ్గర ఆమె కలం కాసేపు ఆగింది. చివరికి 'మౌఖికం' అని రాసింది.