బేస్‌బాల్‌ని పార్కింగ్‌లోంచే చూడాలి!

బేస్‌బాల్ అభిమాని అన్నవాడు స్టేడియం లోపల అడుగు పెట్టకూడదు! లోపల ఏముంటుంది? ఒకడు బంతి విసురుతాడు, ఇంకొకడు కర్ర ఊపుతాడు, తగలదు. మళ్లీ విసురుతాడు. దీన్ని చూడటానికి ఎండలో కూర్చోవాలా? అసలు ఆనందమంతా బయట పార్కింగ్‌లో ఉంది. నమ్మరా? అయితే పెంచల్‌ని చూడండి.

రాజంపేట దగ్గరి పల్లె నుంచి కువైట్ వచ్చి, రిగ్గైలో ఒక ఇంట్లో డ్రైవరుగా కుదిరిన పెంచల్‌కి ఈ భాగ్యం కోరకుండానే పట్టింది. అతను బాబా అని పిలిచే కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, అమెరికాలో చదివొచ్చాడు. చదువు సంగతేమో గానీ, బేస్‌బాల్‌ని మాత్రం బాగా ఒంటబట్టించుకుని వచ్చాడు. తనలాంటి వాళ్లని పోగేసి జట్టు కట్టాడు. ప్రతి శుక్రవారం ఏదో ఒక గ్రౌండులో మ్యాచ్!

అమెరికాలో అభిమానులు ఊరూరా స్టేడియాలు చూడటానికి ఆస్తులు తగలేసుకుంటారట. పాపం! పెంచల్‌కి పెట్రోలు కూడా బాబాదే. ఏ గ్రౌండు పక్క మసీదు దగ్గర చల్లని నీళ్ల కూలర్ ఉందో, ఏ గేటు దగ్గర సెక్యూరిటీ వాడు బాత్రూముకి వెళ్లనిస్తాడో, ఏ గోడ నీడ సాయంత్రానికి కారు మీద పడుతుందో అతనికి తెలిసినంతగా ఏ అమెరికావాడికి తెలుసు? లోపల టంగుమంటే తగిలినట్టు. ఆటలో అంతకంటే తెలుసుకోవాల్సింది ఏముంది?

పైగా క్రికెట్‌కి ఓవర్లున్నాయి, ఫుట్‌బాల్‌కి గడియారముంది. బేస్‌బాల్‌కి రెండూ లేవు! ఇద్దరూ సమానమైతే తేలేదాకా ఆడుతూనే ఉంటారు. సెలవు రోజుకి ఇంతకన్నా మంచి కాలక్షేపం ఉంటుందా?

ఒక్క చిన్న ఇబ్బంది. పెంచల్ భార్య కళావతి సబా అల్ సలేంలో ఇంటిపని చేస్తుంది. ఆమె మామా అని పిలిచే ఆ ఇంటి యజమానురాలు ఆమెను శుక్రవారం సాయంత్రం రెండు గంటలు బయటికి వదులుతుంది. వారం మొత్తానికి మొగుడూ పెళ్లాం ఒకచోట కూర్చునేది అప్పుడే. బేస్‌బాల్ వచ్చాక ఆ కాస్తా పార్కింగ్ పాలయింది.

ఇంతలో టోర్నమెంట్ మొదలైంది. బాబా గెలిస్తే ఆ హుషారులో ఒక శుక్రవారం వదిలేస్తాడని లెక్కేసి, పెంచల్ పెంచలకోన నరసింహస్వామికి తలనీలాలిస్తానని మొక్కుకున్నాడు. స్వామి వెంటనే విన్నాడు. బాబా గెలిచాడు! గెలిచినవాళ్లు మళ్లీ వచ్చే శుక్రవారం ఆడాలని పెంచల్‌కి ఎవరు చెప్పారు? ఆ వారమూ గెలిచాడు. ఆ పై వారమూ గెలిచాడు.

కళావతి ఫోన్లో మండిపడింది. "ఎవురు మొక్కమన్యారు నిన్ను? ఓడిపోవల్లని మొక్కుకో, పో!"

"మొక్కిన మొక్కు ఎట్ట తిప్పుకునేది మే? సామికి కోపమొస్తే?"

స్వామికి కోపం రాలేదు. అహ్మదిలో ఫైనల్ వచ్చింది.

పెంచల్ గ్రౌండు వల పక్కన కారాపి, సీటు వెనక్కి వాల్చాడు. "ఏమబ్బా!" అని ఎవరో పిలిచారు. దిగి చూస్తే వలకి అవతల, భుజాన సంచీ, చేతిలో టీ ఫ్లాస్కుతో కళావతి! అవతలి జట్టులో ఆమె మామా తమ్ముడు ఆడుతున్నాడట. ఇంటిల్లిపాదీ వచ్చారు. వాళ్ల సామాన్లు మొయ్యడానికి ఈమె వచ్చింది. ఆమెకి బయటికి రావడానికి అనుమతి లేదు, ఇతనికి లోపలికి పోవడానికి లేదు. బంతి తగిలి బయటి జనం దెబ్బతినకుండా కట్టిన వల అది. ఎంత ముందుచూపు!

"చిక్కిపోయినావు," అందామె. వల కన్నంలోంచి ఒక ఖర్జూరం తోసింది.

"నువ్వు మాత్రం? తింటాండావా లేదా?" అన్నాడు. 

లోపల గోల పెరిగింది. గేటు దగ్గరి సెక్యూరిటీ అన్వర్ బాషా కడపవాడే. అక్కడినుంచే కేకేశాడు. "రెండు జట్లూ సమానంగా ఉండాయి పెంచలన్నా! మీ బాబానే చివరోడు, ఇదే ఆఖరి ఛాన్సు. కొడితే ఖలాస్, ఇంటికి పోవచ్చు. తప్పితే మళ్లా ఆడతారు."

పెంచల్ మొదటిసారి ఆట వైపు తిరిగాడు. రెండు చేతులా వల పట్టుకున్నాడు. "తగలగూడదు సామీ! ఇంగో గుండు నీకే!"

బాబా కర్ర ఊపాడు. తగల్లేదు.

లోపల బాబా జట్టంతా ఉసూరుమంది. బయట ఒక్కడు మాత్రం చప్పట్లు కొట్టాడు. కర్ర పట్టుకున్న బాబా చప్పట్లు ఎటునుంచి వచ్చాయా అని చూసేసరికి, అతని డ్రైవరు అప్పటికే ఆట వదిలేసి పెళ్లాం వైపు తిరిగిపోయాడు.

చెప్పాను కదా, బేస్‌బాల్‌ని బయటినుంచే చూడాలని! కారులో అరగంట దూరంలో ఉంటూ కూడా మొగుడూ పెళ్లాం ఒకరి మొహం ఒకరు చూసుకోవడానికి ఆ వల తప్ప ఇంకో చోటు లేనప్పుడు, లోపల ఎవరు గెలిస్తే ఏం?