గొడుగు డిటెక్టివ్‌కి ఒక తోడు

ఆ ఆదివారం పొద్దున కళ్ళద్దాల షాపాయన పెట్టుకున్న పని ఒక్కటే: స్నానం చేసి, కాఫీ తాగి, గొడుగు డిటెక్టివ్ చేత "నిన్ను ప్రేమిస్తున్నాను" అనిపించడం.

గొడుగు డిటెక్టివ్ టీవీ సీరియల్లో మనిషి. ఏళ్ళ తరబడి ఒంటిగాడు. నవ్వడు, తన గొడుగుతో తప్ప ఎవరితోనూ మనసు విప్పి మాట్లాడడు. ఆయన్ని సృష్టించినవాళ్ళకే పట్టని ఈ లోటు షాపాయన గుండెని పిండేసింది. ఇంటర్నెట్లో అభిమానులు తమకి నచ్చిన పాత్రల మీద సొంత కథలు, అంటే ఫ్యాన్ ఫిక్షన్, అల్లుకునే చోట చేరి, మారుపేరుతో డిటెక్టివ్‌కి ఒక ప్రేయసిని రాశాడు. ఆవిడ కూడా కళ్ళద్దాల షాపు యజమానురాలే కావడం కేవలం యాదృచ్ఛికమని ఆయన నమ్మకం. అక్కడ రాసేవాళ్ళందరి నమ్మకమూ అదే. బ్యాంకు క్యాషియరు రాస్తే డిటెక్టివ్ క్యాషియరు మీద మనసు పడతాడు. డ్రైవింగ్ నేర్పే ఆవిడ రాస్తే గేరు మార్చే దగ్గర చూపులు కలుస్తాయి.

చిక్కల్లా 'తనిఖీ' అనే మారుపేరున్న పాఠకుడితో వచ్చిపడింది. అసలు సీరియల్లో డిటెక్టివ్ జ్వరంతో ఒంటరిగా మూలిగాడు కదా, అప్పుడీ మహాతల్లి ఎక్కడుందని అడిగాడు. పుట్టింటికి వెళ్ళిందని షాపాయన రాశాడు. మరి తుపాకి గుండు తగిలినప్పుడో? పుట్టింటికే. ఇల్లు తగలబడినప్పుడో? అప్పుడూ పుట్టింటికే. చివరికి కాఫీ ఇవ్వడం, పెట్టె సర్దుకోవడం తప్ప ఆవిడకి ఇంకో పని లేకుండా పోయింది. అయినా సరే, ఒక్కసారి ఆ తనిఖీ చేత 'బాగుంది' అనిపించుకుంటే చాలునని షాపాయన తపన.

ఆయన స్నానాలగదిలో ఉండగా భోజనాల బల్ల మీద ఫోను వెలిగింది. బల్ల తుడుస్తున్న భార్య కంట్లో పడింది.

"ఈసారి ఆవిణ్ణి పుట్టింటికి పంపితే మళ్ళీ తీసుకురాకండి. మగాడు ఒంటరిగా ఉంటేనే అందం."

తువ్వాలుతో బయటికొచ్చిన భర్తని, ఎవర్ని పంపిస్తున్నారని అడిగింది. నిజం చెప్పేస్తే ఏ గొడవా ఉండేది కాదు. కానీ తలకాయ నెరిసిన మగవాడు టీవీలో మనిషికి సంబంధాలు చూస్తున్నాడని తెలిస్తే పరువేం కావాలి? దానికన్నా ఏ అబద్ధమైనా నయమనిపించింది. పై వాటాలో అద్దెకుంటున్న నర్సుని ఖాళీ చేయించమని ఒక స్నేహితుడు సలహా ఇచ్చాడన్నాడు.

"ఆవిడ పుట్టింటికి పోతే మీకు అందం ఎలా వస్తుందండీ?" అందామె, చాలా నెమ్మదిగా.

జవాబు కోసం ఆగకుండా మెట్లెక్కింది. రాత్రి డ్యూటీ చేసొచ్చి అప్పుడే కన్ను మూసిన నర్సు ఆ నిద్రకళ్ళతోనే దిగొచ్చింది. ఖాళీ చేయడం సంగతి తర్వాత, ఈయన అందానికీ తనకీ ముడిపెట్టిందెవరో ముందు తేలాలని పట్టుబట్టింది. షాపాయన నీళ్ళు నమిలాడు. ఆ నమలడం చూశాక భార్యకి అనుమానం కాస్తా రూఢి అయిపోయింది. వెంటనే తల్లికి ఫోను చేసింది. ఇల్లు వీధి చివరే కాబట్టి అత్తగారు, ఆడిటరుగా రిటైరైన మామగారిని వెంటబెట్టుకుని వచ్చేశారు. మా అమ్మాయి మీకేం తక్కువ చేసిందని నిలదీశారు.

ఇక దాచి లాభం లేదని షాపాయన కథంతా తెరిచి ఫోను భార్య చేతిలో పెట్టాడు. ఆమె మొదటి అధ్యాయం నుంచీ చదివింది. ఆమె భుజం మీదుగా నర్సు చదివింది. గండం గడిచిందని ఆయన ఊపిరి పీల్చుకున్నాడు.

"అయితే వేరే ఎవరూ లేరన్నమాట. మరి ఈ పిల్ల ఎవరు? నేనేనా?" అంది భార్య.

"నువ్వే," అన్నాడాయన, మురిసిపోతుందనుకుని.

"షాపు పెట్టింది, ఒక్క కళ్ళజోడైనా అమ్మిందా? కాఫీ ఇస్తుంది, పోతుంది. ఆ గొడుగు నయం, దానికో పనుంది. ఇన్నేళ్ళ కాపురంలో నేను మీకు కనబడింది ఇంతేనా?"

ఆమె ఫోను తిరిగి ఆయన చేతిలో పెట్టేసింది. షాపాయనకి నిజంగా సిగ్గేసింది. ఏదో అనబోయాడు కానీ, అంతవరకూ నోరు మెదపని మామగారు ఆగలేకపోయారు.

"అది కాదయ్యా, ఆ కాఫీలో పంచదార ఎందుకు వేయించావు? డిటెక్టివ్ పంచదార ముట్టడని నీకెన్నిసార్లు రాశాను?"

అత్తగారు నెమ్మదిగా భర్త వైపు తిరిగారు.

"మగాడు ఒంటరిగా ఉంటేనే అందం అన్నది మీరా?"

అది సాహిత్య విమర్శ అని మామగారు గొణిగారు. రోజూ పొద్దున్నే వార్తలు చదువుతున్నారనుకుని ఇన్నాళ్ళూ కాఫీ కలిపి చేతికిచ్చానని అత్తగారు తల పట్టుకున్నారు. పద అమ్మా, మనింటికి పోదామని కూతురి పెట్టె దించబోయారు.

"నేను రానమ్మా," అంది కూతురు. "ఆ పిల్ల వెళ్ళినన్నిసార్లు చాలు. నువ్వు నా దగ్గరుండు. ఈసారి మా పుట్టింటికి వీళ్ళిద్దరూ వెళ్తారు."

పెట్టె నర్సే అందించింది.

మధ్యాహ్నం అత్తవారింటి వంటింట్లో కూర్చుని షాపాయన కొత్త అధ్యాయం రాశాడు. తనిఖీ కోసం కాదు, భార్య చదివితే చాలునని. అందులో ప్రేయసి షాపులో బేరాలతో తీరిక లేకుండా ఉంది. డిటెక్టివ్ తన చేత్తో కాఫీ పెట్టి ఆవిడకి తీసుకెళ్ళాడు. ఖాళీ కప్పు పట్టుకుని అది చదివిన మామగారు, అసలు సీరియల్లో ఆయనకి కాఫీ పెట్టడం రాదని అభ్యంతరం చెప్పారు.