గాలివానకు ముందు నలభై ఏడు మోతలు

ఫోను రోజంతా మోగుతూ ఉండటం మనిషికి దక్కిన మహాభాగ్యం! కాదనేవాళ్లు చదవడం ఇక్కడితో ఆపి తమ ఫోను చూసుకోవచ్చు. ఈపాటికి ఏదో ఒకటి వచ్చే ఉంటుంది.

పాపం, మన పెద్దవాళ్లు దాహం వేస్తే తప్ప నీళ్లు తాగేవారు కాదు. మనకు దాహం వేసే శ్రమ కూడా లేదు. నీళ్లు తాగే వేళయిందని ఫోనే చెబుతుంది. నిన్నటి కంటే రెండు వందల అడుగులు తక్కువ నడిచామని బాధపడుతుంది. ఎనిమిదేళ్ల కిందట ఒకే ఒక్కసారి కలిసిన మనిషి పుట్టినరోజు ఇవాళేనని చెవిలో ఊదుతుంది. ఇంత శ్రద్ధ కన్నతల్లి అయినా చూపిస్తుందా?

ఈ భాగ్యాన్ని తనివితీరా అనుభవించినవాడు మా తోడల్లుడు. అందుకే ఆయనకు జరిగింది మీకు చెప్పాలి.

ఆయన లిఫ్టు మెకానిక్. ఇరవై రెండేళ్ల అనుభవం. పనిలో నిప్పులాంటి మనిషి. ఒకసారి ఒక ఆఫీసు భవనంలో, బరువు ఎక్కువైతే మోగే బజరు చెవులకు చిల్లులు పొడుస్తోందని ఎవరో దాని నోట్లో స్పాంజి ముక్క కుక్కేశారు. ఆ రోజు ఈయన ప్రతి అంతస్తుకూ వెళ్లి, దొరికినవాళ్లందరికీ చీవాట్లు పెట్టాడు. అది మోగేది మీ మీద కోపంతో కాదయ్యా, మీ ప్రాణాల మీద తీపితో అని చెప్పి మరీ వచ్చాడు.

అలాంటి మనిషి ఫోనులో అరవై మూడు యాప్‌లు. అన్నీ మాట్లాడేవే.

ఈసారి సెలవులకు ఆయనకు కారవాన్‌లో తిరగాలని బుద్ధి పుట్టింది. మంచాలు, పొయ్యి, సింకు, అన్నీ చక్రాల మీదకు ఎక్కించిన ఇల్లన్నమాట. మూడు రోజులకు అద్దెకు తీసుకుని, భార్యనీ, తొమ్మిదేళ్ల కూతురినీ, మా ఇద్దరికీ ఉమ్మడి ఆస్తి అయిన అత్తగారినీ అందులో ఎక్కించాడు. ఎక్కేముందు అత్తగారు బండి చుట్టూ ఒకసారి తిరిగి, గోడ మీద వేలితో కొట్టి చూసి, అట్టపెట్టెలా ఉందేమిటని అడిగారు. మూడు టన్నుల బరువు అత్తయ్యగారూ అని ఆయన ఓపిగ్గా వివరించాడు.

సరస్సు ఒడ్డున చెట్ల మధ్య క్యాంపు. దాన్ని చూసుకునే ఆవిడకు యాభై అయిదేళ్లుంటాయి. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, మెడలో ఈల. బండి నిలిపే చోటు చూపించి, కరెంటు ఎక్కడ తగిలించుకోవాలో చెప్పి, చివర్లో ఇంకో మాట కూడా చెప్పింది. పెద్ద గాలి వస్తే బండిలో ఉండకూడదు, చెట్ల కిందికి పోకూడదు, అదిగో ఆ ఇటుక గోడల స్నానాల గదుల్లోకి వచ్చేయాలి అని. మా తోడల్లుడు బుద్ధిగా తల ఊపాడు. ఊపింది ఆవిడ మాటకు కాదు. సరిగ్గా అప్పుడే మోగిన ఫోనుకు. వాళ్ల అపార్ట్‌మెంటు గ్రూపులో ఎవరో, గేటుకు అడ్డంగా తెల్ల కారు పెట్టిన మహానుభావుడు ఎవరని అడుగుతున్నారు.

రెండో రోజు తెల్లారిన దగ్గర్నుంచి ఫోను తన సేవలో ఏ లోటూ రానివ్వలేదు. వాతావరణ యాప్ ఒక్కటే భోజనాల వేళకు ఆరుసార్లు పలికింది. మొదట ఆకాశం నిర్మలంగా ఉందని. తర్వాత ఇంకా నిర్మలంగానే ఉందని. ఆ తర్వాత గొడుగుల మీద తగ్గింపు ఉందని. మిగతా మూడూ తనకు మంచి మార్కులు వేయమని!

సరిగ్గా కంచాల ముందు కూర్చున్నప్పుడు అది వరసగా తొమ్మిదిసార్లు మోగింది. భార్య గరిటె కింద పెట్టి ఆయన వైపు చూసింది. పెళ్లయి పదమూడేళ్లు దాటిన మగవాడికి ఆ చూపు చాలు. ఆయన ఫోను నోరు నొక్కి, చెంచాల సొరుగులో పడేశాడు.

ఎంత హాయి! బండి పక్కన గుడ్డ పందిరి చాచి, దాని కింద మడతకుర్చీలో వెనక్కి వాలాడు. కూతురు లోపల కిటికీ పక్క మంచం మీద నిద్రపోయి లేచింది. ఎక్కడా ఏ మోతా లేదు. ఇరవై రెండేళ్లలో ఇంత మంచి మధ్యాహ్నం ఎరగనని ఆయనే తర్వాత నాతో అన్నాడు.

మూడుంపావు అయ్యేసరికి సరస్సు అవతలి ఒడ్డు కనబడటం మానేసింది. పడమటి ఆకాశం కమిలిన దెబ్బలా నల్లబడింది. అంతసేపూ గోల చేసిన పిట్టలు ఒక్కసారిగా ఊరుకున్నాయి. అత్తగారు తల పైకెత్తి, ఈ గాలి వాలకం బాగాలేదు అల్లుడుగారూ అన్నారు. ఏమైనా ఉంటే ఫోను చెప్పేది కదా అన్నాడాయన. ఆ ఫోను ఎక్కడుందో అప్పుడాయనకు గుర్తే లేదు.

అంతలో ఈల వినిపించింది. క్యాంపు ఆవిడ ఒక్కో బండి తలుపూ అరచేత్తో బాదుకుంటూ వస్తోంది. పెనుగాలి వచ్చేస్తోందనీ, పావుగంట కూడా లేదనీ, సామాన్లు ఎక్కడివక్కడ వదిలేసి రమ్మనీ చెబుతోంది.

"మూడు టన్నుల బండి మేడమ్. తలుపులు వేసుకుని లోపలే కూర్చుంటాం" అన్నాడు మా తోడల్లుడు.

"నిరుడు నాలుగు టన్నుల బండిని అదిగో ఆ కంచె మీద నుంచి దించాం సార్. నడవండి" అని ఆవిడ పక్క బండి దగ్గరికి వెళ్లిపోయింది.

అత్తగారు చెప్పుల కోసం కూడా చూడలేదు. మనవరాలి చెయ్యి పట్టుకుని బయల్దేరిపోయారు. భార్య కరెంటు ఆపేసి వాళ్ల వెనకే పరుగెత్తింది. తోడల్లుడు మాత్రం రెండు నిమిషాల్లో వస్తానన్నాడు. విప్పినదాన్ని మళ్లీ బిగించకుండా వదిలి వెళ్లడం మెకానిక్ చేతులకు అలవాటు లేదు. పందిరి చుట్టడానికి పిడి తిప్పడం మొదలుపెట్టాడు.

సగం చుట్టేసరికి మొదటి గాలి విసురు వచ్చింది. గుడ్డ కిందికి దూరి పందిరిని ఎత్తి పట్టుకుంది. దాని కమ్మీ పట్టుకుని ఉన్న ఆయన కాళ్లు నేలను వదిలాయి. ఎంతో కాదు, జానెడు. కానీ జీవితమంతా మనుషుల్ని పైకీ కిందికీ చేరవేసినవాణ్ని, ఎవరో అడక్కుండా పైకి తీసుకెళ్లడం అదే మొదటిసారి. ఆయన కళ్ల ముందే మూడు టన్నుల బండి ఒక పక్కకు లేచి, ఒక్క క్షణం ఆలోచించుకుని, ధడాలున మళ్లీ కూర్చుంది.

చేతులు వదిలేశాడు. మోకాళ్ల మీద పడ్డాడు. లేచి పరుగెత్తాడు. వాన ఎదురుగా వచ్చి మొహం మీద గులకరాళ్లలా కొడుతోంది. ఇటుక గోడలు ఏ వైపున్నాయో తెలియలేదు. ఈల మాత్రం ఆగి ఆగి వినిపిస్తోంది. దాన్ని పట్టుకునే వెళ్లాడు. తలుపు దగ్గర నాలుగు చేతులు ఆయన్ని లోపలికి లాగాయి. అందులో రెండు అత్తగారివి.

కిటికీలు లేని స్నానాల గదిలో ఇరవై మంది నేల మీద, మోకాళ్లలో తలలు పెట్టుకుని కూర్చున్నారు. కూతురు ఆయన చొక్కా గుప్పెట్లో బిగించి పట్టుకుంది.

"నాన్నా, మాతో ఎందుకు రాలేదు?" అని అడిగింది.

పందిరి చుడుతున్నానమ్మా అని చెప్పబోయాడు. ఆ జవాబు ఎంత తేలిగ్గా ఉందో ఆయనకే తెలిసి, పిల్లను ఒళ్లోకి లాక్కున్నాడు. బయట ఏదో పెద్దది ఒరిగిన చప్పుడు. భార్య ఆయన మొహం చూడలేదు గానీ, చీకట్లో వెతుక్కుని చెయ్యి పట్టుకుంది.

గాలి పన్నెండు నిమిషాలు మాత్రమే వీచింది. బయటికొచ్చి చూస్తే వాళ్ల కారవాన్ పక్కకు తిరిగి పడుకుని ఉంది. కిటికీ పక్క గోడ చీలి, మనిషి తొడంత కొమ్మ ఒకటి మంచం మీదికి దిగింది. కూతురు పడుకుని లేచిన మంచం అది. అత్తగారు గోడ వైపు చూశారు, అల్లుడి వైపు చూశారు, అనాల్సిన మాట మింగేశారు. ఆ ఔదార్యం నాకైతే ఇంతవరకూ ఒక్కసారి కూడా దక్కలేదు.

క్యాంపులో ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఒక పెద్దాయన కళ్లజోడు పోయింది, అంతే.

పగిలిన గోడలోంచి చెయ్యి పెట్టి ఆయన ఫోను బయటికి తీశాడు. నలభై ఏడు సందేశాలు. బూట్ల మీద తగ్గింపు. తెల్ల కారు తీసేశారట. ఎవరో వంట వీడియో పెట్టారు. ఆ కింద, మూడు గంటల అయిదు నిమిషాలకు వాతావరణ యాప్ ఏడోసారి పలికింది: మీరున్న చోటికి పెనుగాలి వస్తోంది, వాహనాల్లో ఉండకండి, వెంటనే గట్టి కట్టడంలోకి వెళ్లండి. ఇంకో నిమిషానికి మరో యాప్: చాలాసేపటి నుంచి కూర్చునే ఉన్నారు, లేచి నాలుగడుగులు వేయండి.

చూశారా పాఠకులారా, ఫోను సమదృష్టి! ప్రాణం నిలిపే మాటకూ, బూట్ల బేరానికీ ఒకటే గంట, ఒకటే మర్యాద. నలభై ఆరుగురు వాగుడుకాయల మధ్య ఒక్క నిజం చెప్పేవాణ్ని నిలబెడితే, అందరి నోళ్లూ కలిపి నొక్కింది మనం కాదూ? ఇందులో ఫోను తప్పేముంది?

క్రేను వచ్చేలోగా ఆయన తడిసిన బెంచీ మీద కూర్చుని, యాప్‌ల నోళ్లు ఒక్కొక్కటే మూయించడం మొదలుపెట్టాడు. వాతావరణం ఒక్కటి ఉంచాడు. మిగతా ప్రతిదానికీ ఫోను కంగారుపడింది: 'ముఖ్యమైన సమాచారం మీకు అందకపోవచ్చు. నిజంగానే ఆపేయాలా?' అరవై రెండుసార్లు అడిగింది. అరవై రెండుసార్లు అవునన్నాడు.

క్యాంపు ఆవిడ అందరికీ టీ కప్పులు అందిస్తూ వచ్చి, అలసిపోయి ఆయన పక్కన కూర్చుంది. ఆయన మొహమాటపడుతూనే, గాలి సంగతి అంత ముందుగా మీకెలా తెలిసింది, ఏదైనా మంచి యాప్ ఉందా అని అడిగాడు. ఆవిడ జేబులోంచి బొత్తాల ఫోనొకటి తీసి చూపించింది.

"దీనికి చేసేది ఇద్దరే సార్. ఒకరు వాతావరణ ఆఫీసు వాళ్లు, ఇంకొకరు మా అక్క" అంది ఆవిడ. "అక్క పొద్దున్నే చేసేసింది. మధ్యాహ్నం మళ్లీ మోగిందంటే ఇంకెవరు?"