గుండ్రటి ముక్కకు తల ఎటు?

ఆ ఆదివారం పొద్దున గణేశ్వరరావు పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. కాఫీ తాగడం, తాను తయారుచేసిన గేమ్ డబ్బా వెనక ఒక ముక్క తగిలించడం, అది పనిచేస్తోందని భార్యకు చూపించడం, తరవాత ప్రశాంతంగా ఇడ్లీ తినడం. ఇందులో కాఫీ ఒక్కటే అనుకున్నట్టు జరిగింది. అదీ చల్లారాకే తాగాడు.

గణేశ్వరరావు నర్సీపట్నంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. కోపిష్టి. పిల్లలు లెక్క తప్పు చేస్తే కోపం, లెక్క ఒప్పు చేసి యూనిట్లు రాయకపోతే ఇంకా కోపం. అయితే ఆయన కోపాలన్నిటికీ పెద్దన్న ఒకటుంది. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో విశాఖపట్నంలో పెదనాన్నగారింటికి వెళితే, అక్కడ ఉమామహేశ్వరరావు అన్నయ్య టీవీకి వీడియో గేమ్ పెట్టి ఆడుతుండేవాడు. తమ్ముడి చేతికి రెండో కంట్రోలర్ ఇచ్చి, "నువ్వు ఎర్ర చొక్కా వాడివి" అన్నాడు. తమ్ముడు సెలవులన్నీ బొటనవేళ్లు వాచేలా బటన్లు నొక్కాడు. ఇంటికి బయల్దేరేనాడు టీవీ వెనక పడ్డ బంతి తీయబోయి చూస్తే, రెండో కంట్రోలర్ వైరు దేనికీ తగిలించి లేదు. ఆ కోపం పెళ్లయినా పోలేదు, జుట్టు ఊడిపోయినా పోలేదు. పోవలసిన అవసరమూ లేదు. కొన్ని కోపాలు న్యాయమైనవి.

అందుకే సొంతంగా గేమ్ డబ్బా కట్టుకున్నాడు. చేత్తో పట్టుకుని పాతకాలపు ఆటలు ఆడుకునే డబ్బా. ముందు చిన్న తెర, బటన్లు. వెనక ఒక గుంట. ఆ గుంటలో ఏ ముక్క పెడితే డబ్బాకి ఆ విద్య వస్తుంది. ఎర్ర ముక్క పెడితే పెద్ద సౌండు. పసుపు ముక్క పెడితే దెబ్బ తగిలినప్పుడల్లా చేతిలో అదురు. పచ్చ ముక్క పెడితే వైరు లేని రెండో కంట్రోలర్‌తో పక్కవాళ్లు కూడా నిజంగా ఆడవచ్చు. ఆ పచ్చ ముక్క మీదే ఆయన ప్రాణమంతా.

ఈ నిర్మాణమంతా భోజనాల బల్ల మీద జరిగింది. భార్య రోజారమణి కిందటి దసరా నుంచి కంచం ఒళ్లో పెట్టుకుని తింటోంది. ఈ ఆదివారం తన తమ్ముడు మంగరాజు భోజనానికి వస్తున్నాడు. అతనికీ కంచం ఒళ్లోనే పెట్టాలంటే ఆవిడకు తల కొట్టేసినట్టయింది. ముందురోజే తేల్చి చెప్పేసింది.

"చెత్త బండొచ్చేలోగా ఈ ముక్కల్లో ఒక్కటైనా పనిచేసిందా, ఈ బల్ల మీకే. లేదా, బల్ల మీదున్నవన్నీ బండిలోకే. మాటంటే మాట."

చెత్త బండి మైకు రాగం ఆ వీధిలో వినపడి చాలా రోజులైంది. ఆ ధైర్యంతోనే గణేశ్వరరావు సరేనన్నాడు.

మంగరాజుది ఏటికొప్పాక. తాతల నాటి నుంచి లక్క బొమ్మల పని. డబ్బాకీ ముక్కలకీ కర్ర తొడుగులు చేసింది అతనే. గణేశ్వరరావు స్కేలు పెట్టి నలుచదరంగా బొమ్మ గీసి ఇస్తే, లేత్ మీద తిరిగేది గుండ్రంగానే వస్తుందని చెప్పి అన్నీ కుంకుమ భరిణెల్లా గుండ్రంగా చేసిచ్చాడు. సరే, బామ్మర్ది కష్టపడ్డాడు కదా అని గణేశ్వరరావు పళ్లు కొరుక్కుని గుంట కూడా గుండ్రంగా చేయించుకున్నాడు, లోపల పిన్నులు వలయంగా అమర్చుకున్నాడు. కానీ గుండ్రటి ముక్క నాలుగు వైపులా పడుతుంది. పిన్నులు కలిసేది ఒక్క వైపే. ఆ వైపు తెలియడానికి ప్రతి ముక్క మీదా నల్ల మార్కర్‌తో గీత పెట్టి, చివరి లక్క పూత కోసం ఏటికొప్పాక పంపాడు. ముక్కలు తిరిగొచ్చాయి. నిగనిగలాడుతున్నాయి. గీతలు లేవు.

గణేశ్వరరావు ఫోన్ చేశాడు. నల్ల గీతలు ఏమయ్యాయని, వీలైనంత మర్యాదగా అడిగాడు.

"మీ సేతి మరకలనుకున్నాను బావా," అన్నాడు మంగరాజు. "గీకి, లక్కెక్కించి, మొగలాకుతో మెరుగెట్టీసేను. మరకున్న బొమ్మ గుమ్మం దాటకూడదని మా నాన్న ఒట్టెయించుకున్నాడు."

"మరి ఏది పై వైపో నాకు ఎలా తెలియాలి?"

"గుండ్రటిదానికి పైనేటి, కిందేటి బావా? ఎటు తిప్పినా అందంగానే ఉంటాది."

గణేశ్వరరావు ఫోన్ పెట్టేశాడు. అత్తవారివైపు మనిషి కాకపోతే ఆ రోజే వాళ్ల చుట్టరికం ముగిసిపోయేది.

ఇక ఈ ఆదివారం పొద్దున గుమ్మంలో రోజారమణి నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడి చూస్తోంది. ఎవరైనా అలా చూస్తుంటే ఆయనకు చేతులాడవు. అందుకని డబ్బానీ ఎర్ర ముక్కనీ పట్టుకుని డాబా మీదికి పోయాడు. మిగతా సరంజామా, పసుపు, పచ్చ ముక్కలు, రెండో కంట్రోలర్ బల్ల మీదే ఉండిపోయాయి.

డాబా మీద ఎర్ర ముక్కను ఒక వైపు పెట్టాడు. చప్పుడు లేదు. తీసి కాస్త తిప్పి పెట్టాడు. అంతే, ఆట మొదలయ్యేముందు వచ్చే రాగం కొండ మీది గుడి మైకులా అందుకుంది. వాల్యూమ్ బటన్ నొక్కితే తగ్గలేదు. స్విచ్ నొక్కితే ఆగలేదు. తప్పు వైపున కరెంటు స్విచ్‌ని తప్పించుకుని పోతోంది. ముక్క పీకేద్దామంటే రాదు. వేడెక్కి కొత్త లక్క మెత్తబడి గుంటకు కరుచుకుపోయింది. రాగం అయిపోయి మళ్లీ మొదటికి వచ్చింది. చప్పుడు అణగాలని డబ్బాను ఖాళీ నీళ్ల డ్రమ్ములో పడేశాడు. ఖాళీ డ్రమ్ములో శబ్దం ఏమవుతుందో ఏటా పాఠం చెప్పే మనిషి చేసిన పని అది. రాగం రెట్టింపై మూడు వీధులకు వినపడింది.

ఆ వీధిలో పొద్దున్నపూట పెద్ద రాగం వినపడిందంటే ఒకటే అర్థం. చెత్త బండి వచ్చింది. రోజుల తరబడి నిండి, పనసతొక్కలు కుళ్లి ఈగలు ముసురుతున్న బకెట్లు పట్టుకుని ఆడవాళ్లందరూ పరుగున వచ్చేశారు. ఎదురింటి అచ్చియమ్మ గారు మోకాళ్ల నొప్పులు కూడా మరిచిపోయి వచ్చింది.

రోజారమణి కూడా విన్నది. పైన మొగుడేం చేస్తున్నాడో ఆవిడకు తెలియదు. బండి వచ్చేసింది, ముక్క పనిచేయలేదు, అంతే తెలుసు. మనసులో కాస్త చివుక్కుమంది. కానీ మాటంటే మాట. బల్ల మీదున్న స్క్రూలు, వైర్లు, పసుపు ముక్క, పచ్చ ముక్క, కంట్రోలర్ అన్నీ చీపురుతో బకెట్లోకి ఊడ్చి, బల్ల తుడిచి, దాని మీద ఇస్త్రీ దుప్పటి పరిచి, వీధిలోకి నడిచింది.

వీధిలో బండి లేదు. రాగం మాత్రం వాళ్ల డాబా మీంచే వస్తోంది. జనం తలలెత్తి చూస్తే పైన గణేశ్వరరావు డ్రమ్ములోకి తలదూర్చి తిట్టుకుంటూ కనిపించాడు. తమను ఆటపట్టించడానికే ఆ పని చేశాడని అచ్చియమ్మ గారికి క్షణంలో అర్థమైపోయింది. ఆవిడ అరవలేదు. తన బకెట్టు తెచ్చి గణేశ్వరరావు గేటు ముందు పెట్టింది.

"పిలిసినోళ్లే తీసుకోవాల," అంది.

అది అందరికీ న్యాయంగా తోచింది. ఒకరి తరవాత ఒకరు బకెట్లన్నీ ఆ గేటుకి అడ్డంగా పేర్చేశారు. అందరికన్నా ఆఖర్న వచ్చి, ఏం జరుగుతోందో తెలియని రోజారమణి, అందరూ పెడుతున్నారు కదా అని తన బకెట్టూ వాటి మధ్య పెట్టింది.

గణేశ్వరరావు మోగుతున్న డబ్బాను తుండుగుడ్డలో చుట్టుకుని కిందికి దిగాడు. బల్ల చూశాడు. ఇస్త్రీ దుప్పటి తప్ప దాని మీద ఇంకేమీ లేదు. ఆయన ఒళ్లు కాలకూటం మింగినట్టు భగ్గుమంది. బయటికి వచ్చి, బకెట్ల గోడకు ఇవతలనుంచే భార్యని అడిగాడు.

"నా పచ్చ ముక్క ఏది?"

"బండొచ్చీసింది కదండీ. ఊడ్సీసేను."

"బండి రాలేదు. ఇదిగో, ఇది నా ఎర్ర ముక్క," అని తుండుగుడ్డ విప్పాడు. రాగం ఆవిడ మొహం మీద పడింది. రోజారమణి గబుక్కున బకెట్ల వైపు తిరిగింది. తన బకెట్టు ఏదో చూపిద్దామంటే అక్కడున్నవన్నీ మున్సిపాలిటీ వాళ్లిచ్చినవే, ఒకే రకం, ఒకే రంగు.

సరిగ్గా అప్పుడు అసలు చెత్త బండి వచ్చింది. చడీ చప్పుడూ లేకుండా వచ్చింది. దాని డ్రైవర్ మత్స్యరాజుకూ కోపంగానే ఉంది. బండి మైకు కాలిపోయింది. కొత్తది అడిగితే రేపంటున్నారు. అతను రోజూ ఈ వీధికి వస్తూనే ఉన్నాడు, గొంతు పోయేలా అరుస్తూనే ఉన్నాడు, టీవీల హోరులో ఒక్క తలుపూ తెరుచుకోలేదు. పైగా బండే రావడం లేదని అతని మీద ఫిర్యాదులు. అలాంటివాడికి ఒక్కసారిగా ఇన్ని బకెట్లు వరసగా కనపడితే ఆగుతాడా. గణేశ్వరరావు ఆగమనేలోగా అన్నీ ఎత్తి కుమ్మరించేశాడు.

గణేశ్వరరావు లుంగీ ఎగ్గట్టి బండెక్కేశాడు. ఫిజిక్స్ మేష్టారు పనసతొక్కల్లో మోచేతుల దాకా మునిగి, వీధినీ, బామ్మర్దినీ, ఎక్కడో విశాఖపట్నంలో ఉన్న ఉమామహేశ్వరరావునీ వరసపెట్టి తిట్టాడు. ముందు కంట్రోలర్ దొరికింది. పసుపు ముక్క కుళ్లిన టమాటాల్లో దొరికింది. పచ్చ ముక్క అచ్చియమ్మ గారి చేపపొలుసుల్లో, అన్నిటికన్నా అడుగున దొరికింది. అప్పటికి బ్యాటరీ అయిపోయి రాగం ఆగింది. వీధంతా ఆయన్నే చూస్తోంది.

"ఇన్నాళ్లూ బకెట్టే రాలేదు," అన్నాడు మత్స్యరాజు. "ఇయ్యాల మనిసే ఎక్కీసేడు."

బండి మీంచే గణేశ్వరరావు వాదన మొదలుపెట్టాడు. బండి వచ్చేలోగా ఒక్క ముక్కయినా పనిచేయాలన్నది ఒప్పందం. ఎర్ర ముక్క మోగిందా లేదా? బండి అప్పటికి వచ్చిందా? వీధి వీధంతా సాక్ష్యం. రోజారమణి ఆలోచించింది. ఆవిడకు మొగుడి మీద ఎంత కోపమున్నా తన మాట మీద గౌరవం అంతకన్నా ఎక్కువ. బల్ల ఆయనదేనంది.

అక్కడితో అయిపోతే బాగుండేది. కానీ మత్స్యరాజు ఆ డబ్బాను వదల్లేదు. రేపట్నుంచి తాను వీధి మొగలోకి రాగానే ఆ రాగం పెట్టమని దండం పెట్టి అడిగాడు. అచ్చియమ్మ గారు ఔనంది, అందరూ ఔనన్నారు. అది తప్పు వైపున పెట్టిన ముక్క అనీ, సరైన వైపున పెడితే చక్కగా, మెత్తగా మోగుతుందనీ గణేశ్వరరావు చెప్పి చూశాడు. మెత్తటి రాగం వీధికి అక్కర్లేదన్నారు.

మధ్యాహ్నం మంగరాజు వచ్చాడు. సంగతంతా విని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. గుంటకు కరుచుకున్న ఎర్ర ముక్కను ఊడదీసి, మూడు ముక్కలూ శుభ్రంగా తుడిచి, పసుపుకీ పచ్చకీ తిప్పి తిప్పి సరైన వైపు వెతికాడు, లక్క కడ్డీ కాచి ఒక్కో చుక్క పెట్టాడు. ఎర్ర ముక్కకు మాత్రం చుక్క వీధి కోరిన వైపే పెట్టాడు. తరవాత ముగ్గురూ కింద కూర్చుని కంచాలు ఒళ్లో పెట్టుకుని భోంచేశారు. బల్ల మీద గేమ్ డబ్బా ఒక్కటే ఛార్జింగ్ ఎక్కుతూ దర్జాగా కూర్చుంది.

చెయ్యి కడుక్కుని, ఒక ఆట ఆడదామన్నాడు మంగరాజు. గణేశ్వరరావు మొహంలో ఆ రోజు మొదటిసారి చిరునవ్వు కనిపించింది. బామ్మర్ది చేతికి రెండో కంట్రోలర్ ఇచ్చాడు.

"నువ్వు ఎర్ర చొక్కా వాడివి," అన్నాడు.

మంగరాజు చీకటి పడేదాకా చెమటలు కక్కుతూ ఆడాడు. ప్రతిసారీ ఓడిపోయి, ఏటికొప్పాక ఆఖరి బస్సు అందుకోవడానికి బయల్దేరుతూ, ఈసారి వచ్చినప్పుడు గెలిచి తీరతానన్నాడు.

పచ్చ ముక్క గణేశ్వరరావు చొక్కా జేబులో ఉంది.