సున్నా లారీల ఇంజనీరు

సైటులో ఆ ఇంజనీరుని అందరూ ‘ఎందుకైనామంచిది’ గారంటారు. వంద టైల్స్ చాలే గదికి నూటయాభై తెప్పించి, ఎందుకైనా మంచిదనడం ఆయన అలవాటు. పెళ్లికి కూడా రెండు ఉంగరాలు కొన్నాడు. పోనీలే, ఇద్దరు పెళ్లాలు కావాలనలేదని వాళ్లావిడ సరిపెట్టుకుంది.

అలాంటి మనిషి నెత్తిన కంపెనీ పిడుగు వేసింది. ఇకమీదట భవనాలు కట్టేవాళ్లు పర్యావరణాన్ని కూడా చూసుకోవాలట. నెలరోజులపాటు గేటు దాటే చెత్త లారీలను లెక్కపెడతారట. ఎవరి సైటు నుంచి తక్కువ వెళితే వాళ్లకే చీఫ్ ఇంజనీరు కుర్చీ. ఆ కుర్చీ కోసం ఆయన పన్నెండేళ్లుగా నిలబడే ఉన్నాడు.

సామాను తక్కువ తెప్పిస్తే చెత్త తగ్గుతుందన్న ఆలోచన ఆయనకు రాలేదు. లారీలో పోతేనే కదా లెక్క, కారులో పోతే ఎవడు చూడొచ్చాడన్న ఆలోచన మాత్రం చప్పున వచ్చింది.

మొదటిరోజు భోజనం సంచిలో నాలుగు టైలు ముక్కలు ఇల్లు చేరాయి. వారం తిరిగేసరికి కారు రోజుకు ఐదుసార్లు తిరుగుతోంది. మంచం కింద పైపు ముక్కలు, ఫ్రిజ్ వెనక రంగు డబ్బాలు. గట్టిపడిన సిమెంటు బస్తాలు స్నానాలగదిలో బైఠాయించాయి. వాటిని బతిమాలి, ఒక మూల ఒదిగి ఆయన స్నానం చేస్తున్నాడు.

వాళ్లావిడ ఇంట్లోనే గౌన్లు కుట్టే దర్జీ. ఒకరోజు తలగడ ఎత్తుగా ఉందేమిటా అని గలీబు విప్పింది.

“ఏవండీ, ఏమిటిది?”

“ఇటుక.”

“నా కళ్లకీ అలాగే కనబడుతోంది. తలగడలో దీనికేం పని?”

“ఇంకెక్కడా చోటు లేదోయ్. నెలాఖరుదాకా ఓర్చుకో, చీఫ్ ఇంజనీరు భార్యవవుతావు.”

“అందాకా తల పగలకుండా ఉంటే కదా.”

ఆ తర్వాత ఆవిడ పల్లెత్తు మాట అనలేదు. తిట్టే పెళ్లాంతో బతకడం ఆయనకు తెలుసు. తిట్టని పెళ్లాంతో ఎలాగో తెలియక, పెరటి వైపు కూడా వెళ్లకుండా తప్పుకు తిరిగాడు.

నెలాఖరున లెక్క తేలింది. మిగతా సైట్లకు ఆరు, ఏడు లారీలు. ఆయనకు సున్నా. ఎవరూ చూడకుండా చీఫ్ కుర్చీలో కూర్చుని ఒకసారి గుండ్రంగా తిరిగొచ్చాడు కూడా.

అంతలో లెక్కలు తనిఖీ చేసే అధికారిణి వచ్చింది. టైలు కోస్తే ముక్క మిగలని సైటును తానెక్కడా చూడలేదని, ఆ ముక్కలు ఏమయ్యాయని నెమ్మదిగా అడిగింది. ఆయన కంగారులో, ఒక పేద కుటుంబం వాడుకుంటోందనేశాడు. ఆ కుటుంబాన్ని చూసి తీరతానంది. దారిలో ఆయనకు ఏ పేద ఇల్లూ తట్టలేదు. కారు తన ఇంటిముందే ఆపక తప్పలేదు.

లోపలికి వెళ్లి చూస్తే ఆయనకే మతిపోయింది. పొద్దున బస్తాలున్న స్నానాలగది ఖాళీ. మంచం కింద ఖాళీ. పెరట్లో టైలు ముక్కలన్నీ బొంత కుట్టినట్టు నేలంతా పరుచుకున్నాయి. ఇటుకలు మొక్కల చుట్టూ గట్టయ్యాయి, పైపులు బట్టలారేసే దండేలయ్యాయి. పనికిరాని బస్తాలు ఓ మూల వరసగా ఉన్నాయి.

ఆయన వెంటనే ఛాతీ విరిచి, అంతా తన సలహాయేనన్నాడు.

“అవునండీ, ఆయనదే,” అంది వాళ్లావిడ అధికారిణితో. “వీటిలో సగం, కోసిన ముక్కలు కావు. అవసరం లేక మిగిలి, పడేసి విరగ్గొట్టిన కొత్త టైల్స్. ఒక గౌనుకి రెండు గౌన్ల గుడ్డ అడిగితే నా గడప ఎవరైనా తొక్కుతారా? ముందు కొలవాలి, తర్వాత తెప్పించాలి.”

“సైటుకి ఇవన్నీ తెప్పించేదెవరు?” అంది అధికారిణి.

వాళ్లావిడ ఆయన్ని చూసింది. ఆయన నేలను చూశాడు. అదీ ఆయన తెప్పించిందే.

పెరట్లో సరుకంతా కొలిస్తే తొమ్మిది లారీలు తేలింది. సున్నా చెరిగిపోయింది, కుర్చీ ఇంకెవరికో వెళ్లింది.

సోమవారం ఉదయం వాళ్లావిడ, కొలతలు తీసుకోవాలంటూ ముందే బయల్దేరింది. కాసేపటికి సైటు గేటు దగ్గర కారు ఆపిన ఆయన కొయ్యబారిపోయాడు. నెత్తిన పసుపు హెల్మెట్, మెడలో టేపు, ఎదురుగా వాళ్లావిడ. ఇకమీదట ఆవిడ కొలిచి సంతకం పెట్టందే ఒక్క టైలు లోపలికి రాదని, ఒక్క ముక్క బయటికి పోదని అధికారిణి ఇప్పించిన కంపెనీ ఉత్తర్వు.

“సంచి చూపించండి.”

“భోజనమే కదా. పొద్దున నువ్వే కట్టావు.”

“కట్టాను. అయినా చూపించండి,” అంది ఆవిడ. “ఎందుకైనా మంచిది.”