పచ్చడి మానేసిన నెల

నెలకొక తిండి ఛాలెంజ్ కంటే గొప్ప వరం మనిషికి మరొకటి లేదు. నమ్మరా? అయితే నన్ను చూడండి.

జూన్‌లో బడి తెరిచిన వారానికే మా స్టాఫ్‌రూమ్‌లో ఒక వాట్సాప్ గ్రూపు పుట్టింది. అడ్మిన్ మా వ్యాయామ ఉపాధ్యాయుడు భానుప్రకాష్. నెలకొక నియమం. రోజూ మధ్యాహ్నం క్యారేజీ మూత తీసి, తినబోయే ముందు ఫొటో పెట్టాలి. ఏప్రిల్‌లో నా భర్త పోయారు. ‘మేడం ఒక్కరే ఉంటున్నారు, సరిగా తినడం లేదు, ఏదో ఒక వ్యాపకం కల్పించాలి’ అని అందరూ నా కోసమే దీన్ని మొదలుపెట్టారని తర్వాత తెలిసింది. ఇంత దయగల సహోద్యోగులు ఎంతమందికి దొరుకుతారు?

జూన్‌లో చక్కెర మానేశాం. ఎంత మేలు జరిగిందో! మా బడి దగ్గర టీ ఇన్నేళ్ళూ ఎంత చెడ్డగా ఉండేదో అప్పుడు గాని తెలియలేదు. దాంతో టీ కూడా మానేశాం.

జూలైలో అన్నం బదులు కొర్రలు. కొర్రలు తిన్నవాళ్ళకు ఆకలి వేయదు. వేసినా పైకి చెప్పరు, మళ్ళీ కొర్రలే పెడతారని!

ఆగస్టులో ముద్దకు ముప్పై రెండు సార్లు నమలాలి. బెల్లుకూ బెల్లుకూ మధ్య ఏడు ముద్దలు దిగేవి. పదకొండు మంది ఉపాధ్యాయులం ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ, ఒక్క మాట లేకుండా నములుతూ కూర్చునేవాళ్ళం. తనిఖీకి వచ్చిన అధికారి, ఇంత క్రమశిక్షణ ఏ బడిలోనూ చూడలేదని రిజిస్టర్‌లో రాసి వెళ్ళారు. నమిలిన లెక్క తప్పుతుందని ఆయనకు ఎవరమూ నమస్కారం కూడా పెట్టలేదన్న సంగతి ఆయన గమనించలేదు.

అక్టోబరులో సాయంత్రం ఆరు లోపు భోజనం. ఇది నాకు అందరికంటే సులువైంది. ఇదివరకు మాచర్ల బస్సు దిగి ఆయన ఇంటికి వచ్చేసరికి తొమ్మిదయ్యేది. కాచుకుని కూర్చునేదాన్ని. ఇప్పుడు ఎవరి కోసం ఆగాలి? అయిదున్నరకే ప్లేటు కడిగి బోర్లించేదాన్ని. మొదటి బహుమతి నాదే!

ఇక నవంబరు. పచ్చళ్ళు బంద్! మిరపతోటల మధ్య పుట్టి పెరిగినవాళ్ళకు ఎంత కష్టం? లెక్కల టీచరు జాహ్నవి పప్పన్నం కింద గోంగూర దాచి ఫొటో తీసింది. భానుప్రకాష్ జూమ్ చేసి మరీ పట్టుకున్నాడు.

నాకు మాత్రం ఏ కష్టమూ లేదు. పైగా ఊపిరి తిరిగినట్టయింది. ఎందుకో చెబుతాను.

మా ఇంట్లో పచ్చడి పట్టేది నేను కాదు, నా భర్త త్రికోటేశ్వరరావు గారు. ఆర్టీసీ కండక్టరు. మాఘమాసంలో రెంటచింతల దగ్గర ఒక రైతు దగ్గర పండుమిరపకాయలు తీసుకుని, టికెట్లు కొడుతూనే ఆ సంచి మీద ఒక కన్నేసి ఇంటికి తెచ్చి, రోట్లో దంచేవారు. మొదటి చెంచా నాకు కాదు. మా బడిలో మధ్యాహ్న భోజనం వండే హజ్రా బీకి. “ఉప్పు చూడు చెల్లెమ్మా” అనేవారు.

ఆ జాడీలో నాలుగు వేళ్ళ ఎత్తు పచ్చడి మిగిలింది. మనిషి పోయిన ఇంట్లో ఏడాది తిరిగేదాకా పచ్చడి పెట్టకూడదని మా ఆచారం. తిరిగాక మాత్రం ఎవరు పెడతారు? రోజూ తింటే నెల తిరక్కుండా అయిపోతుంది. సరిగ్గా అప్పుడే అడ్మిన్ గారు తినొద్దన్నారు! ముప్పై రోజులపాటు ఆ జాడీ ఒక్క చెంచా తరగదు. ఛాలెంజ్ గొప్పతనం ఇప్పుడైనా ఒప్పుకుంటారా?

పదిహేడో రోజున హజ్రా బీ స్టాఫ్‌రూమ్‌లోకి వచ్చి నా క్యారేజీలోకి తొంగి చూసింది.

“ఏంది టీచరమ్మా, ఉత్త పెరుగన్నం తింటన్నావు? అన్న పచ్చడి అయిపోయిందా?”

అందరి చేతులూ ఆగిపోయాయి. ఊరుకోమని భానుప్రకాష్ ఆమెకు కళ్ళతో సైగ చేశాడు.

“ఉంది హజ్రా. ఈ నెల ఛాలెంజ్. పచ్చడి తినకూడదు.”

“ఛాలెంజ్ ఎవురి మీద? మిరపకాయ మీదా, అన్న మీదా?”

నేను క్యారేజీ మూత పెట్టేశాను.

“దాచిపెడితే బూజు పడుద్ది. అప్పుడు పారబోస్తావు. అందుకేనా, అంత దూరం నుంచి సంచి మోసుకొచ్చింది?”

ఇంటికి వెళ్ళి జాడీ మూత తీశాను. ఒక అంచున చిన్న తెల్లటి చుక్క కనిపించింది. ఆ మేరకు చెంచాతో తీసేశాను. మర్నాడు జాడీని బడికి తీసుకెళ్ళాను.

హజ్రా బీ వేడి అన్నం తెచ్చింది. అలవాటు ప్రకారం మొదటి చెంచా తనే నాలుక మీద వేసుకుంది.

“ఉప్పెక్కువేశాడు. అప్పుడే చెప్పా, ఇన్నాడా!”

భానుప్రకాష్ ఫోన్ ఎత్తాడు. “మేడం, రూల్...” అన్నాడు. జాడీ వంక చూశాడు. ఫోన్ పక్కన పెట్టి ప్లేటు ముందుకు జరిపాడు.

“చదువుకునే రోజుల్లో సార్ నన్ను నకరికల్లులో దించేశారు మేడం, బస్ పాస్ డేటు అయిపోయిందని. చానా బతిమాలాను. ఇన్లేదు.”

“అదేంది, నాకెప్పుడూ ముందు సీటు ఇప్పించేవారు!” అంది జాహ్నవి.

“నువ్వు మేడం బళ్ళో పనిచేస్తావుగా తల్లీ. నేనప్పుడు ఎవురి మనిషిని?” అన్నాడు భానుప్రకాష్.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. లంచ్ ముగిసేసరికి జాడీ అడుగు కనిపించింది.

ఆ నెల పదకొండు మందిమీ ఓడిపోయాం. అయినా ఛాలెంజ్‌లు వరాలేనని నా వాదన. ఎందుకంటే మా వాళ్ళు వీటితో పాటు ఇంకొకటి కూడా పాటిస్తూ వచ్చారు. దానికి గ్రూపు లేదు, అడ్మిన్ లేడు, ఫొటోలు లేవు. నా ముందు ఆయన పేరు ఎత్తకపోవడం! చక్కెర దగ్గర తప్పినవాళ్ళున్నారు, గోంగూర దగ్గర తప్పినవాళ్ళున్నారు. దీని దగ్గర మాత్రం ఏడు నెలల్లో ఒక్కరూ, ఒక్క రోజూ తప్పలేదు. నేనూ తప్పలేదు.

ఆ మధ్యాహ్నం, బెల్లు కొట్టేలోపు, అందులో కూడా ఓడిపోయాం.